వేట, విశ్వాసం, దానం: పాతబస్తీ చేప ప్రసాదం వెనుక చరిత్ర

చేప ప్రసాదం మీద తెలుగునాట సాగిన చర్చ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: దానితో ఉబ్బసం తగ్గుతుందా, తగ్గదా? ఆ ప్రశ్న అవసరమైనదే. దానికి ఆధునిక వైద్యం ఇచ్చే జవాబూ స్పష్టంగానే ఉంది. కానీ చరిత్ర దృష్టితో వేయవలసిన ఇంకో ప్రశ్న పక్కనే ఉండిపోయింది. మృగశిర కార్తె ప్రవేశించే రోజున దేశం నలుమూలల నుంచి ఆయాసంతో బాధపడేవాళ్ళు వేలాదిగా హైదరాబాదుకు ఎందుకు వస్తున్నారు? వచ్చినవాళ్ళను ఎవరు ఆదుకుంటున్నారు? ఈ ఏర్పాటు ఎవరెవరి చేతుల మీదుగా ఇంతదాకా వచ్చింది? జాగ్రత్తగా చూస్తే ఇందులో మూడు శక్తులు కనిపిస్తాయి. చెరువుల్లో చేపలు పట్టేవాళ్ళ నేర్పు ఒకటి, ఒక ఇంటివాళ్ళు తరతరాలుగా నిలుపుకున్న మొక్కు లాంటి విశ్వాసం రెండోది, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదన్న దానధర్మం మూడోది. ఈ మూడూ కలిసి చేసిన పని రోగాన్ని నయం చేయడం కాదనీ, రోగిని చేరదీయడమనీ ఈ వ్యాసం వాదన. ఆ చేరదీసే శక్తి ఎంత విలువైనదో ఒప్పుకుంటేనే, దాన్ని అసలైన చికిత్సకు దారిగా మలచుకోవడం సాధ్యమవుతుంది.

రోగిని చేరదీయడం పాతబస్తీకి కొత్తగా అబ్బిన గుణం కాదు. హైదరాబాదు పుట్టిన నాలుగేళ్ళకే, అంటే 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్ షా దారుల్‌షిఫాను కట్టించాడు. రెండంతస్తుల ఆ భవనంలో యునానీ వైద్యం జరిగేది, వైద్యవిద్యా నేర్పేవారు. రాజధానిలో మసీదులు, బజార్లు, చార్మినార్ లేస్తున్న కాలంలోనే ఆసుపత్రికి కూడా చోటు కేటాయించారంటే, రోగుల సంరక్షణను నగర నిర్మాణంలో భాగంగా భావించారని అర్థం. ఆ ప్రాంగణంలోనే అలావా సర్తౌఖ్ అనే షియా పవిత్రస్థలం ఉంది. కర్బలా యుద్ధం నాటికి జబ్బుతో మంచాన ఉన్న ఇమాం జైనుల్ ఆబిదీన్‌కు శత్రువులు వేసిన సంకెళ్ళలోని ఒక ముక్క అక్కడ ఉందని షియాల నమ్మకం. రోగులకు చికిత్స జరిగే చోటే, రోగిగా ఉండి బాధలు అనుభవించిన ఇమాం స్మృతికి నిలయం ఏర్పడింది. వైద్యుడి మందూ భక్తుడి కన్నీరూ ఒకే ప్రాంగణంలో ఇమిడిన ఈ ఉదాహరణ తరువాతి కథకు పునాది లాంటిది. ఈ నగరంలో వైద్యం, విశ్వాసం వేర్వేరు వీధుల్లో కాపురం పెట్టలేదు.

అంటువ్యాధులు వచ్చినప్పుడు ఈ కలయిక ఇంకా గట్టిపడింది. 1813లో జంటనగరాల్లో మహమ్మారి ప్రబలినప్పుడు ఉజ్జయినిలో ఉన్న హైదరాబాదు పటాలం సైనికులు అక్కడి మహంకాళికి మొక్కుకున్నారనీ, జబ్బు తగ్గాక 1815లో సురటి అప్పయ్య సికింద్రాబాదులో అమ్మవారిని ప్రతిష్ఠించాడనీ బోనాల పుట్టుక గురించి చెప్పుకుంటారు. ఆ సంప్రదాయం పాతబస్తీలో లాల్‌దర్వాజా సింహవాహిని దగ్గర, హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయం దగ్గర నేటికీ ఆషాఢంలో కొనసాగుతోంది. బోనం వ్యాధిని ఆపిందని ఈనాటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. కానీ రోగం ఇంటింటినీ విడదీసే సమయంలో బస్తీని ఒకచోట నిలబెట్టిన పద్ధతి అది. ఎవరింట్లో జబ్బు పడ్డారో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో తెలిసేది ఇలాంటి సమూహాల్లోనే. ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ అనేదే లేని కాలంలో సమాచారం, ఆహారం, ధైర్యం ఒకరి నుంచి ఒకరికి చేరడానికి మొక్కులూ జాతరలే దారులయ్యాయి.

ఈ నేపథ్యంలో 1845, 1846 సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడాలి. చేప ప్రసాదం పంచే బత్తిని కుటుంబం చెప్పేదాన్ని బట్టి, 1845లో పాతబస్తీ దూద్‌బౌలిలో ఉండే తమ పూర్వికుడు వీరన్న గౌడ్‌కు ఒక సాధువు ఉబ్బసానికి మందు తయారుచేసే విధానం చెప్పాడు. కురుస్తున్న వానలో తనను ఆదరించినందుకు సంతోషించి చెప్పాడనీ, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకూడదని షరతు పెట్టాడనీ కథ. ఇందుకు ఆధారం ఆ ఇంటి సంప్రదాయమే కనుక దాన్ని అలాగే తీసుకోవాలి. మరుసటి ఏడాది, 1846లో, నాలుగో నిజాం నాసిరుద్దౌలా పాలనలో హైదరాబాదు మెడికల్ స్కూలు మొదలైంది. ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. దాని నుంచే తరువాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రితో ముడిపడిన పెద్ద వైద్య పరంపర పెరిగింది. మత్తుమందు భద్రతను తేల్చడానికి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లో జరిగిన క్లోరోఫాం కమిషన్లు, అదే స్కూల్లో చదివి మత్తువైద్యంలో పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూంజీ కృషీ ఆ పరంపరలోనివే. అంటే ఒకే నగరంలో, దాదాపు ఒకే కాలంలో, రెండు దారులు మొదలయ్యాయి. ఒకటి ప్రయోగం, పరీక్ష, పాఠ్యక్రమం ఉన్న దారి. రెండోది మాట, నమ్మకం, ఉచితం అన్న మూడు నియమాల మీద నడిచిన దారి. చేప ప్రసాదాన్ని ఆధునికత రాకముందటి అవశేషంగా చూడటం అందుకే సరికాదు. అది ఆధునిక వైద్యంతో పాటే, దాని పక్కనే పెరిగింది. ఆసుపత్రి అందరికీ అందుబాటులో లేకపోవడమే దాని పెరుగుదలకు ఒక కారణమై ఉండాలి.

అంత పెద్ద ఏర్పాటుకు ఆధారం అరచేతిలో ఇమిడే చేపపిల్ల. జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో సూర్యుడు మృగశిర నక్షత్రంలో ప్రవేశిస్తాడు. రోహిణి ఎండలు తగ్గి తొలకరి మొదలయ్యే రోజులివి. ఆ రోజు చేపల కూర తినడం తెలంగాణలో ఇంటింటి ఆచారం. మాంసం ముట్టనివాళ్ళు బెల్లంలో ఇంగువ కలుపుకొని తింటారు. రామ్‌నగర్, బేగంబజార్ చేపల మార్కెట్లలో ఆ పూట కాలు పెట్టే సందు ఉండదు. బత్తిని వారి పద్ధతి ఈ ఆచారంలోంచే మొలిచినట్టు కనిపిస్తుంది. ఇంట్లో సత్యనారాయణ వ్రతం, బావికి పూజ చేసి, ఆ బావి నీటితో మందు ముద్ద తయారుచేస్తారు. రెండు మూడు అంగుళాల బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో ఆ ముద్దను పెట్టి, చేపను రోగి గొంతులోకి జారవిడుస్తారు. శాకాహారులకు బెల్లంలో పెట్టి ఇస్తారు. తరువాత 45 రోజుల పథ్యం, వరుసగా మూడేళ్ళు ఇదే క్రమం. ఋతువు మారే వేళ ప్రతి ఇంటా తినే చేప, దానికి శాకాహారుల బెల్లం ప్రత్యామ్నాయం, ఈ రెండూ ఇక్కడ మందు రూపంలో మళ్ళీ కనిపిస్తున్నాయి. ప్రజలు దీన్ని పరాయిదిగా భావించకపోవడానికి ఈ పోలిక గట్టి కారణం.

కొర్రమీను ఎంపికలో వేటగాళ్ళ జ్ఞానం ఉంది. తెలంగాణ పల్లెల్లో కొర్రమట్ట అని కూడా పిలిచే ఈ చేప నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. అందుకే తక్కువ నీళ్ళలో, ఇరుకు గిన్నెల్లో, తొట్లలో చాలాసేపు బతుకుతుంది. వేలమంది వరుస కట్టిన మైదానంలో ఒక్కొక్కరి చేతికీ ప్రాణమున్న చేప అందాలంటే ఇలాంటి జాతి తప్పదు. తల్లిదండ్రులు రెండూ కాపలా కాస్తుండగా దీని పిల్లలు ఎర్రగా ఒక గుంపు కట్టి నీటి పైభాగంలో తిరుగుతాయి. చెరువు అంచున ఆ ఎర్రని కదలికను గుర్తుపట్టి, గుంపు చెదరకుండా వల వేయడం ఏళ్ళ తరబడి నీటిని చూసినవాళ్ళకే సాధ్యం. ఒకదాన్నొకటి తినే స్వభావం వల్ల వీటిని పెంచడమూ తేలిక కాదు. ముదిరాజులు, గంగపుత్రులు చెరువులను నమ్ముకొని బతికిన కులాలు. పెద్దమ్మను, గంగమ్మను కొలిచి వేటకు దిగేవాళ్ళు. మీర్ ఆలం చెరువు నుంచి చుట్టుపక్కల జిల్లాల గొలుసుకట్టు చెరువుల దాకా వాళ్ళ వల పడని నీరు లేదు. మత్స్యశాఖ రంగంలోకి రాకముందు ఆ చేపపిల్లలు వాళ్ళ కుండల్లోనే దూద్‌బౌలికి చేరి ఉండాలి, వేరే దారి లేదు. అయినా ఈ చరిత్రలో సాధువు పేరుంది, బత్తిని ఇంటి పేరుంది, వేటగాళ్ళ పేరు మాత్రం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఆ గౌరవంలో దాన్ని పట్టే చేతులకు కూడా వాటా దక్కాలి.

వేటకూ రోగి సేవకూ ఉన్న సంబంధం ఈ నగరంలో ఇంకో రూపంలోనూ కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుమోసిన పులి వేటగాడు. పాముకాటు తగిలినవాళ్ళు ఆయన పేరు తలిస్తే విషం దిగుతుందని జనం నమ్మేవారు. ఆయన మక్కా మసీదులో సమాధి అయ్యాక కూడా ఆ నమ్మకం ముగిసిపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆయన తన మహళ్ళ తలుపులు తెరిపించి బాధితులకు ఆశ్రయమిచ్చాడు. ఇందులో రెండు పనులను విడిగా తూచాలి. పేరు తలిస్తే విషం దిగుతుందన్న నమ్మకం ఎవరినీ బతికించలేదు. తలుపులు తెరవడం ఎందరినో బతికించింది. వేటగాళ్ళ నేర్పు రోగికి నిజంగా ప్రాణం పోసిన ఉదాహరణ పొరుగునే తమిళనాడులో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి జీవనాధారం పోగొట్టుకున్న ఇరుల తెగ వేటగాళ్ళు 1978లో సహకార సంఘంగా ఏర్పడ్డారు. చంపడానికి పట్టిన పామునే ఇప్పుడు విషం తీయడానికి పట్టి, తిరిగి అడవిలో వదిలిపెడుతున్నారు. ఆ విషం నుంచి తయారైన విరుగుడు దేశమంతటా పాముకాటు బాధితులకు అందుతోంది. పాత నేర్పు అలాగే ఉంది, దాని గమ్యం మారింది. చేప ప్రసాదానికి కూడా ఈ మార్గం ఆలోచించదగినది.

ఇరవయ్యో శతాబ్దంలో ఒక ఇంటి ఆచారం బహిరంగ ఉత్సవమైంది. రైళ్ళు, బస్సులు, పత్రికలు దూద్‌బౌలి పేరును రాష్ట్రాల సరిహద్దులు దాటించాయి. 1990ల రెండో సగంలో పంపిణీ మూసీ దాటి నిజాం కళాశాల మైదానానికి, ఆ తరువాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వచ్చింది. స్థలంతో పాటు స్వభావమూ మారింది. మత్స్యశాఖ చేపపిల్లలను సమకూర్చి కౌంటర్లలో అమ్ముతుంది. ఇటీవలి ఏళ్ళలో లక్షకు పైగా పిల్లలను సిద్ధం చేస్తున్నారు. రోడ్లు, నీళ్ళు, పోలీసు బందోబస్తు, ప్రత్యేక బస్సులు ప్రభుత్వం చూసుకుంటుంది. బద్రీ విశాల్ పన్నాలాల్ పిత్తి ట్రస్టు లాంటి స్వచ్ఛంద సంస్థలు అన్నం, మజ్జిగ, మంచినీళ్ళు పంచుతాయి. ఒకప్పుడు ఒక సాధువు షరతు మీద నిలిచిన దానం ఇప్పుడు ఎన్నో చేతుల దానమైంది. ఉత్తరాది నుంచి పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చి, ముందురోజు రాత్రే మైదానంలో పక్క పరచుకునే కుటుంబానికి హైదరాబాదు మొదట ఇచ్చేది మందు కాదు, తిండీ నీడా. ఈ ఆతిథ్యాన్ని మూఢనమ్మకం పద్దులో వేసి కొట్టిపారేయడం చరిత్రకు న్యాయం కాదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తప్పించుకోకూడదు. ముద్దలో ఏముందో ఎవరికీ చెప్పరు, దాని పనితీరును నిరూపించిన పరిశోధన లేదు, బతికున్న చేపను మింగించడంలో గొంతు మూసుకుపోయే ప్రమాదం ఉందని విజ్ఞాన ప్రచార సంస్థ అయిన జన విజ్ఞాన వేదిక ఏళ్ళ తరబడి ప్రశ్నించింది. వివాదం కోర్టుల దాకా వెళ్ళింది. ఒకప్పుడు చేప మందుగా చెప్పుకున్నది ఇప్పుడు చేప ప్రసాదంగానే వ్యవహారంలో ఉండటం ఆ చర్చల ఫలితమే. వైద్యపరంగా వేదిక వాదన బలమైనది. ఉబ్బసం ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు వాచి ఇరుకు కావడం వల్ల వచ్చేది. గొంతులో జారిన చేప అన్నవాహిక గుండా కడుపులోకి పోతుంది, గాలి గొట్టాల్లోకి పోదు. పోతూ పోతూ శ్వాసమార్గాన్ని శుభ్రం చేస్తుందన్న మాటకు శరీర నిర్మాణంలో ఆధారం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో 26 కోట్ల మందికి పైగా ఉబ్బసంతో జీవిస్తున్నారు, ఆ ఏడాది సుమారు 4,55,000 మంది దానివల్ల చనిపోయారు. వీటిలో ఎక్కువ మరణాలు పేద, మధ్యాదాయ దేశాల్లోనే, ఇన్‌హేలర్లు అందక లేదా సక్రమంగా వాడక జరుగుతున్నవి. పీల్చే స్టెరాయిడ్ మందులు క్రమం తప్పక వాడితే చాలామంది మామూలు జీవితం గడపగలరు. ప్రసాదాన్ని నమ్మి ఇన్‌హేలర్ మానేసిన ఒక్క రోగికి జరిగే నష్టాన్ని ఏ ఆతిథ్యమూ పూడ్చలేదు.

దీనికి విశ్వాసుల నుంచి వచ్చే ప్రశ్న కూడా వినాలి. ఫలితం లేకపోతే నూట డెబ్బై ఏళ్ళకు పైగా జనం ఎందుకు వస్తారు, మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తారు? దీనికి ఉబ్బసం స్వభావంలోనే కొంత సమాధానం ఉంది. అది ఎప్పుడూ ఒకేలా ఉండదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా బాధపెట్టినప్పుడే దూర ప్రయాణం కట్టి వస్తారు కనుక, తరువాతి వారాల్లో కొంత ఉపశమనం సహజంగానే రావచ్చు. పిల్లల్లో కొందరికి వయసు పెరిగేకొద్దీ బాధ తగ్గిపోతుంది. మూడేళ్ళ క్రమం ముగిసేసరికి ఆ మార్పు ప్రసాదం ఖాతాలో పడుతుంది. పైగా తగ్గినవాళ్ళు పదిమందికీ చెబుతారు, తగ్గనివాళ్ళు ఊరుకుంటారు. జనం సంఖ్య మందు శక్తికి రుజువు కాజాలదు. అయితే ఆ సంఖ్య ఇంకో నిజానికి రుజువు: శ్వాస కోసం కొట్టుకులాడే లక్షలమందికి దగ్గర్లో, భరించగల ఖర్చులో, గౌరవంగా చూసే వైద్యం ఇంకా దొరకడం లేదు. విశ్వాసాన్ని విమర్శించేవాళ్ళు ఈ రెండో నిజాన్ని కూడా అంతే గట్టిగా చెప్పాలి.

అలాంటప్పుడు నిషేధించడమే మేలు కదా, ప్రజాధనంతో దీనికి ఏర్పాట్లు చేయడం తప్పు కదా అని అడగవచ్చు. ప్రభుత్వం ఈ పద్ధతిని వైద్యంగా ప్రచారం చేస్తే తప్పే. కానీ వచ్చే జనాన్ని తొక్కిసలాట నుంచి, ఎండ నుంచి, దాహం నుంచి కాపాడటం పాలన బాధ్యత. కరోనా వల్ల 2020 నుంచి 2022 దాకా మూడేళ్ళు పంపిణీ ఆగింది. 2023 జూన్‌లో మళ్ళీ మొదలవగానే జనం ఎప్పటిలాగే వచ్చారు. ఆపినంత మాత్రాన అవసరం మాయం కాదని ఆ మూడేళ్ళ విరామం చూపింది. అదే ఏడాది ఆగస్టులో, దశాబ్దాలుగా పంపిణీకి ముందు నిలిచిన బత్తిని హరినాథ్ గౌడ్ కన్నుమూశారు. ఆ తరువాత కూడా కుటుంబం పంపిణీని కొనసాగించింది. మందు ఉచితమంటూ చేపకు డబ్బు తీసుకోవడం మీద కూడా విమర్శ ఉంది. చేప పట్టినవాడికి కూలి దక్కడం అన్యాయం కాదు. ఆ ధరలో ఎంత భాగం నిజంగా చెరువు గట్టున ఉన్న మత్స్య సహకార సంఘానికి చేరుతోందన్నదే అడగవలసిన ప్రశ్న.

కనుక చేయవలసింది కూల్చడమూ కాదు, కళ్ళు మూసుకోవడమూ కాదు. ఎగ్జిబిషన్ మైదానంలో వరుస కట్టిన ప్రతి రోగినీ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి వైద్యులు అక్కడే పరీక్షించే శిబిరం ఉండాలి. శ్వాస సామర్థ్యం కొలిచి, ఇన్‌హేలర్ వాడే పద్ధతి చూపించి, పరీక్ష వివరాల చీటీ చేతికివ్వాలి. 2018 నుంచి నగర బస్తీల్లో పనిచేస్తున్న దవాఖానాల్లో ఆ చీటీ చూపితే మందు ఉచితంగా దొరకాలి. బయటి రాష్ట్రాలవాళ్ళకు వాళ్ళ జిల్లా ఆసుపత్రికి రాసి పంపాలి. ప్రసాదం తీసుకున్నా మందు మానవద్దన్న ఒక్క మాటను, చేప ఇచ్చే చేతులే ప్రతి రోగికీ చెబితే, వైద్యుడు చెప్పినదానికంటే ఎక్కువ పని చేస్తుంది. ఎందుకంటే ఆ ఇంటి మాట మీద నూట డెబ్బై ఏళ్ళ నమ్మకం ఉంది. చేపపిల్లలను సేకరించే గంగపుత్ర, ముదిరాజ్ సంఘాలను పేరు పెట్టి నిర్వాహకుల్లో చేర్చుకోవాలి. నీటిలో పొద్దంతా నానే ఆ వేటగాళ్ళకు కూడా ఇదే శిబిరంలో ఊపిరితిత్తుల పరీక్ష చేయాలి.

దారుల్‌షిఫా నుంచి ఎగ్జిబిషన్ మైదానం దాకా నాలుగు వందల ఏళ్ళకు పైగా సాగిన ఈ చరిత్ర ఒక విషయాన్ని స్థిరంగా చూపుతోంది. విశ్వాసం రోగిని ఇంట్లోంచి బయటికి తెచ్చింది, దానం అతనికి చోటిచ్చింది, వేటగాళ్ళ నేర్పు ఆ తంతును నడిపించింది. వీటిలో ఏదీ వైద్యానికి బదులు కాలేకపోయింది. అయినా వీటి సాయం లేకుండా వైద్యం కూడా పేద రోగి గడపకు చేరలేకపోయింది. ఉచితంగా ఇస్తానన్న మాటను ఒక ఇల్లు ఇన్ని తరాలు నిలబెట్టుకోగలిగినప్పుడు, ఉచితంగా ఇన్‌హేలర్ ఇస్తానన్న మాటను ఒక ప్రభుత్వం నిలబెట్టుకోలేకపోవడానికి సాకు లేదు. మృగశిర నాడు హైదరాబాదు చేరే ప్రతి ఉబ్బస రోగీ నిరూపితమైన మందుతో తిరిగి వెళ్ళే ఏర్పాటు జరిగితే, ఆ దానానికి అర్థం పూర్తవుతుంది.